ఆది చొక్కా మీద కుట్టిన కోటు

ఆబిడ్స్‌లో మగవాళ్ల బట్టల దుకాణంలోకి వెళితే సేల్స్‌మన్ ముందు నా భుజాలు చూస్తాడు. తర్వాత నా వెనక ఇంకెవరైనా వస్తున్నారా అని చూస్తాడు. ఎవరూ లేరని తేలాక, "బాబుకా సార్? ఎన్నో క్లాసు?" అని అడుగుతాడు. నాకు యాభై దగ్గర పడుతోంది. గడ్డం సగం నెరిసింది. అయినా ఆ ప్రశ్న తప్పదు. నా ఛాతీ ముప్పై రెండు అంగుళాలు. దుకాణాల్లో మగవాడి కొలత ముప్పై ఆరు దగ్గర మొదలవుతుంది.

నేను ఆడపిల్లగా పుట్టి, ఆడపిల్లగా పెరిగి, ముప్పై దాటాక మగవాడిగా బతకడం మొదలుపెట్టిన మనిషిని. మందులు గొంతు మార్చాయి, గడ్డం మొలిపించాయి. భుజాల ఎముకల్ని మాత్రం అవి ముట్టుకోలేదు. ఛాతీకి ఆపరేషన్ చేయించుకోలేదు. లోపల బిగుతు బనియన్, పైన ఒక సైజు పెద్ద చొక్కా, అదే నా వేషం. చొక్కా వదులుగా ఉంటే ఛాతీ కనపడదు. దాని భుజం కుట్టు మోచేతి వైపు జారి ఉంటుంది, పొట్టి చేతులు మోచేతి కిందికి వస్తాయి. ప్యాంట్లు యూనిఫాంలు అమ్మే దుకాణాల్లో కొంటాను. అందుకే నా ప్యాంట్లన్నీ ఏదో ఒక బడి రంగులోనే ఉంటాయి, ముదురు నీలం లేదా బూడిద రంగు. నేను పనిచేసే పత్రికలో కొత్తగా చేరిన సబ్ఎడిటర్లు నా వెనక నన్ను "పొట్టి సార్" అంటారని తెలుసు. ఆ పేరులో నాకు ఇబ్బందేమీ లేదు. నా గురించి వాళ్లకు తెలిసింది అంతే అని కాస్త హాయిగా కూడా ఉంటుంది.

ఇబ్బందంతా పాత సంగతి తెలిసినవాళ్ల దగ్గరే.

కొన్నేళ్ల కిందట మా అక్క బిడ్డకు పెళ్లి కుదిరింది. మా ఇళ్లలో పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మేనమామలు మండపానికి మోసుకొస్తారు. అక్కకు తోడబుట్టింది నేనొక్కణ్నే. చిన్నప్పుడు ఆ పిల్లకు నేను చిన్నమ్మను. తను డిగ్రీ చదివే రోజుల్లో ఒకసారి బస్సులో నా పక్కన కూర్చుని, ఎవరూ నేర్పకుండానే, "మామా, జర జరుగు" అంది. అప్పటి నుంచి మామనే. అక్క నన్ను ఏ వరసతోనూ పిలవదు. "ఇగో" అంటుంది, లేకపోతే "ఇంటున్నవా" అంటుంది. తమ్ముడు అనలేక, చెల్లె అనకూడదని తెలిసి, ఆ రెంటికీ మధ్య అలా నడిపించుకొస్తోంది.

"గంపకు ముగ్గురు మామలు గావాలంటున్నది," అని అక్క ఫోన్లో చెప్పింది, బిడ్డ కోరిక గురించి. "పెద్దబాపు కొడుకులు ఇద్దరున్నరు గద. మూడో చెయ్యి నీదే ఉండాల్నట."

"నువ్వేమంటున్నవ్?"

ఆమె అవతల కుక్కర్ దించి వచ్చింది.

"నేనేమంట? పెండ్లి దానిది. గని సుట్టాలందరు నిన్నే జూస్తరు. బట్టలు మంచిగ కుట్టిచ్చుకో. నన్ను నవ్వులపాలు జెయ్యకు."

మేనమామగా నిలబడడానికి ఆమె పెట్టిన షరతు అదొక్కటే. కాదనడానికి అందులో ఏమీ లేదు. చాలా తేలికైన షరతు అనిపించింది కూడా.

మామలు ముగ్గురూ ఒకే తీరుగా ఉండాలని పెళ్లికూతురు మెడ దాకా బొత్తాలుండే మెరూన్ రంగు బంద్‌గలా కోటు ఫొటో పంపింది. మా పెద్దనాన్న కొడుకులు, నేను పెద్దన్న, చిన్నన్న అని పిలిచేవాళ్లు, ఆ సాయంత్రమే హిమాయత్‌నగర్ వెళ్లి చెరొకటి కొనుక్కున్నారు. వాళ్లు గట్టి ఒళ్లున్న మనుషులు. తొడుక్కుని అద్దం ముందు నిలబడి ఫొటో దిగారు. పంచె కట్టుకుంటే సరిపోయేది కదా అని ఎవరైనా అనొచ్చు. పంచె మీద ఒట్టి కండువా వేసుకుని నలుగురిలో తిరగగలిగే ఛాతీ కాదు నాది.

నేను ఆబిడ్స్ వెళ్లాను. మొదటి దుకాణంలో అందరికన్నా చిన్న కోటు తొడిగి సేల్స్‌మన్ రెండడుగులు వెనక్కి వేశాడు. చేతులు నా వేళ్లను మింగేశాయి. అతను జాలిపడి, "సార్ మస్తు సన్నగున్నరు. ఇంట్ల అన్నం పెడ్తలేరా?" అన్నాడు. పక్క కౌంటర్‌లో ఇద్దరు నవ్వారు. నేనూ నవ్వాను. "పైన కిడ్స్ సెక్షన్ చూస్తరా సార్? పదహారేండ్ల సైజు ఉంటది, మీకు ఫిట్ అయితది," అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు.

పైకి వెళ్లాను. మెరూన్ రంగే దొరికింది. భుజాలు అతికినట్టు కూర్చున్నాయి. కానీ జేబు మీద రాళ్ల బ్రోచి కుట్టేసి ఉంది, దాని నుంచి బొత్తానికి ప్లాస్టిక్ ముత్యాల గొలుసు వేలాడుతోంది, నడుం వెనక ఎలాస్టిక్ ఉంది, కోటు అంచు బెల్టు దగ్గరే ఆగిపోయింది. అక్కడి అద్దం పిల్లల ఎత్తుకు బిగించారు. అందులో నాకు నా తల కనపడలేదు. మెడ దాకా ఒక పిల్లవాడి పెళ్లిబట్టలు కనిపించాయి. విప్పి ఇచ్చేశాను.

ఇంకో రెండు దుకాణాలు తిరిగి చివరికి కోటు బట్ట తీసుకుని నాంపల్లిలో, స్టేషన్ నుంచి కాస్త లోపలి గల్లీలో ఉన్న ఒక టైలర్ దగ్గరికి పోయాను. కోట్లు బాగా కుడతాడని మా ఆఫీసులో ఒకాయన చెప్పాడు. దుకాణం అంటే గల్లీలోకి తెరుచుకున్న ఒక గది. రెండు మిషన్లు, ఒక నిలువుటద్దం, కొలతలిచ్చేవాళ్లు నిలబడడానికి మెట్టు పక్కన కొంచెం జాగా. తెర లేదు, తలుపు లేదు. అప్పటికే ఒక పెళ్లికొడుకు చేతులు చాపి నిలబడి ఉన్నాడు. మాస్టర్ అతని ఛాతీ చుట్టూ టేపు తిప్పి, రెండు వేళ్లు లోపలికి దూర్చి, "ఊపిరి ఇడువు భాయ్, పొట్ట దాచకు, పెండ్లినాడు బయటవడ్తది," అంటున్నాడు. ఆ కుర్రాడి స్నేహితులు పగలబడి నవ్వుతున్నారు.

ఆ రెండు వేళ్లను చూస్తూ నేను ఒక నిర్ణయానికి వచ్చాను. మర్నాడు మళ్లీ వచ్చి బట్టతో పాటు నా చొక్కా ఒకటి మాస్టర్ చేతిలో పెట్టాను.

"ఇదేంది సాబ్?"

"ఆది."

మా అమ్మ బతికున్నన్ని రోజులూ ఇంట్లో ఆడవాళ్ల బట్టలన్నీ ఆది మీదనే కుట్టేవాళ్లు. సరిగ్గా కుదిరిన జాకెట్టు ఒకటి ఆదికి ఇస్తే, టైలర్ దాన్ని పరిచి అదే కొలతతో కొత్తది కుడతాడు. ఎవరి ఒంటినీ ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. నా మొదటి ముప్పై ఏళ్లలో నేర్చుకున్న ఆ పద్ధతి అంత తేలిగ్గా గుర్తొస్తుందని నేనే అనుకోలేదు.

మాస్టర్ చొక్కాను విదిలించి చూశాడు. "కోటుకు ఆది నడ్వది సాబ్. ఒంటి మీద కొలవాలె. మల్ల కచ్చా కుట్టు ఏసి ట్రయల్ జూడాలె. ఆది ఇచ్చుడు ఆడోళ్ల పని. కోటంటే జాకెట్టా?"

మిషన్ మీద ఉన్నాయన కూడా నవ్వాడు. వాళ్లకు ఏమీ తెలియదు. పూటకొకరితో ఆడే మాటే అది. కానీ నా చెవులు వేడెక్కాయి. ఇప్పుడు చేతులు చాపి నిలబడితే ఇంకేమైనా తెలిసిపోతుందేమోనని భయపడ్డాను.

"నాకు టైం లేదు మాస్టర్. దీని తీరుగనే కుట్టు."

"ట్రయల్ కన్నా రా సాబ్."

"రాను. డ్యూటీ ఉంటది."

"మీ మర్జీ. నన్ను తిట్టొద్దు మల్ల."

ఆ చొక్కా నా ఛాతీని దాచడానికి కొన్న చొక్కా అని ఆయనకు నేను చెప్పలేదు. పైగా ట్రయల్ లేని కోటు ఎక్కడ బిగుతవుతుందోనని ఆయన తన లెక్కలో ఇంకొంచెం వదులు కలిపాడు. పెళ్లిళ్ల సీజన్ కాబట్టి కోటు ముందురోజు సాయంత్రం చేతికొచ్చింది. ఇంట్లో తొడుక్కుని చూస్తే భుజాలు నా భుజాలు దాటి ఖాళీగా నిలబడ్డాయి. చేతులు వేళ్ల కణుపుల దాకా వచ్చాయి. మళ్లీ నాంపల్లి వెళ్లేసరికి దుకాణం షట్టర్ దించి ఉంది. తిరిగొచ్చి చేతుల అంచులు లోపలికి మడిచి పిన్నీసులు పెట్టుకున్నాను.

పెళ్లి పొద్దున నాంపల్లిలోనే ఒక ఫంక్షన్ హాల్లో. నేను గేటు దాటి లోపలికి రాగానే పెద్దన్న చూశాడు.

"ఏందిరా, గీ కోటుల ఇంకొకడు పడ్తడు గదరా!"

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆయన నన్ను "రా" అని పిలవడం అదే మొదటిసారి. ఇంకో రోజైతే ఆ మాట నేను ఇంటికి తీసుకెళ్లి దాచుకునేవాణ్ని. ఆ రోజు నవ్వులో అది నాకు వినపడనే లేదు. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

మా మేనత్త మాత్రం నవ్వలేదు. నా కోటు అంచు పట్టి చూసి, "మొగోనోలె ఉంటనంటివి. గా బట్టలన్న సరింగ సూసుకోకపోతివి," అంది. ఆమె ఆ మాట గట్టిగా అనలేదు. కానీ పక్కనే అక్క పళ్లెంలో పసుపు కుంకుమ సర్దుతోంది. అక్క నా దగ్గరికి వచ్చి కోటు భుజాల్ని రెండు చేతులతో పట్టుకుని పైకి లాగింది. వదిలితే మళ్లీ జారాయి. ఇంకోసారి లాగింది.

"కుట్టిచ్చుకొమ్మంటి గద," అంది.

"కుట్టిచ్చిందే అక్కా ఇది."

ఆమె నా మొహంలోకి చూసి, పళ్లెం తీసుకుని వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

గంప తెచ్చారు. పెళ్లికూతురు కొబ్బరికాయ పట్టుకుని తల వంచి అందులో కూర్చుంది. "మామా, నువ్వు నా కుడిపక్క," అంది, తల ఎత్తకుండానే. పెద్దన్న ముందు, చిన్నన్న ఎడమవైపు, నేను కుడివైపు, వెనక బలానికి ఇంకొందరు పట్టుకున్నాం. లేపాం. నేను అనుకున్నంత బరువేమీ లేదు. వెదురు అంచు నా అరచేతిలో గట్టిగా దిగింది. రెండడుగులు వేశామో లేదో కుడిచేతి పిన్నీసు ఊడి, కోటు చేయి జారి నా వేళ్లను కప్పేసింది. చూసేవాళ్లకు గంప అంచున చేయి లేదు, మెరూన్ గుడ్డ ఉంది.

"ఏయ్, జారుతున్నది, జారుతున్నది!" అని ఎవరో అరిచారు. పెద్దన్న నా వైపు వంగి, "ఇడువు ఇడువు, మేం పట్టుకుంటం," అన్నాడు. అక్క మండపం దగ్గర నిలబడి చూస్తోంది.

నా పట్టు జారలేదు. గుడ్డ కింద నా వేళ్లు వెదురు మీదే ఉన్నాయి. అయినా వదిలేశాను. వెనక పట్టుకున్న పెద్దన్న కొడుకు నా జాగాలోకి వచ్చాడు. గంప మండపం దాకా వెళ్లింది, అడ్డుతెర వెనక దిగింది. నేను వెనక నడిచాను. ఫొటోల్లో గంప మోస్తున్నవాళ్లు అందరూ ఉన్నారు. ఒకదాంట్లో చివర నా మెరూన్ భుజం కొంచెం కనపడుతుంది.

భోజనాలయ్యాక పెళ్లికూతురు నన్ను పిలిపించింది. చుట్టూ ఆడపిల్లలు జడ విప్పుతుంటే, పూలు తీస్తుంటే, మధ్యలో కూర్చుని అడిగింది.

"గంప ఎందుకిడిసినవ్ మామా?"

"కోటు చెయ్యి జారింది బిడ్డా. నీకు దెబ్బ తాకుతదని."

"జారలే. తల్కాయ ఒంచుకొని కూసుంటె నాకు మీ చేతులే కనవడ్డయి. గుడ్డ కింద నీ చెయ్యి మంచిగనే ఉండె."

నేను ఏదో అన్నాను. బరువనో, తొక్కిసలాటనో. ఆమె ఊఁ కొట్టింది. అమ్మాయిలు నవ్వుతూ ఇంకేదో మాట అందుకున్నారు. ఆమె ఆ తర్వాత ఎప్పుడూ ఆ ప్రశ్న వేయలేదు. ఇప్పటికీ మామా అనే పిలుస్తుంది. అక్క ఇప్పటికీ "ఇగో" అనే పిలుస్తుంది. మూడు చేతుల్లో ఒకటి నాదై ఉంటే ఆ పిలుపు మారేదని నేను చెప్పలేను. మారేదేమో అని మాత్రం ఇన్నేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. అక్కకు ఇంకో ఆడపిల్ల లేదు.

పెళ్లయిన వారానికి కోటు తీసుకుని నాంపల్లి వెళ్లాను. మాస్టర్ దాన్ని నాకు తొడిగి అద్దం వైపు తిప్పాడు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని, వీపు మీద, భుజాల మీద, చంక కింద వరసగా గుచ్చుకుంటూ వచ్చాడు. ఛాతీ దగ్గర బట్ట చిటికెడు పట్టి సుద్దతో గీత గీశాడు. ఆయన కళ్లు బట్ట మీదే ఉన్నాయి, నా మీద లేవు. గల్లీలో ఆటోలు పోతున్నాయి. ఎవరూ ఇటు చూడలేదు. ఒక టీ తాగేంత సేపట్లో అయిపోయింది. అద్దంలో, సూదుల మధ్య, నాకు సరిపోయిన కోటు మొదటిసారి చూసుకున్నాను.

"ముందుగాల్నే నిలవడితె అయిపోవు గద సాబ్," అన్నాడు మాస్టర్, సూదులు నోట్లోంచి తీస్తూ. "ఫంక్షన్ ఎన్నడు?"

"అయిపోయింది."

"అయితె ఫికర్ లేదు," అని ఆయన కోటు విప్పి, అర్జెంటు బట్టల కుప్పకు అవతల, గోడ మేకుకు తగిలించాడు.