రెండు సీట్ల గాలి పడవ

పడవ కొనుక్కుంటానని మా ఆయన అడిగినప్పుడు నేను వంటింట్లో వంకాయలు తరుగుతున్నాను. ఆయన ఏదైనా కావాలని నోరు తెరిచి అడిగి అప్పటికి ఆరేడు నెలలైంది. అందుకని ముందు సంతోషమే కలిగింది. చేతులు తుడుచుకుని, ఏం పడవండీ అని దగ్గరికి వెళ్ళాను. ఫోన్ చూపించారు. గాలి కొడితే ఉబ్బే పడవ. పనయ్యాక గాలి తీసేసి, మడిచి, సంచిలో పెట్టుకోవచ్చు. బొమ్మలో ఒక్క మనిషి కూర్చునే చోటే ఉంది. అది చూడగానే నా సంతోషం కాస్తా పోయింది.

ఎందుకు పోయిందో అర్థం కావాలంటే మా సంగతి కొంత చెప్పాలి.

నేను సౌదీలో, జుబైల్ అనే ఊళ్ళో ఒక ఆసుపత్రిలో నర్సుని. ఐసీయూలో పని. ఇక్కడికి వచ్చి పన్నెండేళ్ళు దాటింది. మా ఆయన కోనసీమలో ఒక రేవులో పంటు సరంగు. బళ్ళనీ మనుషుల్నీ ఎక్కించుకుని గోదావరి పాయ దాటించే వెడల్పాటి పడవని మా వైపు పంటు అంటారు. పదిహేనేళ్ళ వయసులో గెడ పట్టుకున్న మనిషి, ముప్పై ఏళ్ళు ఆ పాయ మీదే గడిపారు. మాకు పిల్లలు లేరు. నేను ఏడాదికోసారి సెలవు మీద వెళ్ళి వస్తుండేదాన్ని. రేవుకి ఎగువన వంతెన కట్టారు. అది తెరిచిన వారానికే పంటు ఎక్కే మనిషి లేకుండా పోయాడు. ఆయన ఇంట్లో కూర్చోవడం మొదలుపెట్టాక, ఇక్కడికి వచ్చెయ్యమని నేనే బలవంతం చేశాను.

వచ్చారు. నా మీద డిపెండెంట్‌గా ఇకామా, అంటే ఇక్కడ ఉండటానికి అనుమతి కార్డు, వచ్చింది. ఆ ఇకామాతో పని చేయకూడదు. ఇక్కడి లైసెన్సు లేదు కాబట్టి కారు కూడా నేనే నడపాలి. అంతమందిని దాటించిన మనిషి, మంగలి షాపుకి వెళ్ళాలన్నా నా డ్యూటీ అయ్యేదాకా కాచుకు కూర్చోవాలి. మొదట్లో వంట నేర్చుకున్నారు. ఇక్కడ చర్చిలు ఉండవు, మాలాంటి క్రైస్తవులు ఎవరింట్లోనైనా ప్రార్థన పెట్టుకుంటే వచ్చి వెనక కూర్చునేవారు. తర్వాత తర్వాత రావడం మానేశారు. గడ్డం గీసుకోవడం మానేశారు. పొద్దున నేను వెళ్ళేటప్పుడు సోఫాలో ఏ మూల కూర్చున్నారో, సాయంత్రం వచ్చేసరికి అదే మూల కూర్చుని ఉండేవారు. అన్నం తిన్నారా అంటే తిన్నానని చెప్పేవారు. గిన్నెలు చూస్తే ముట్టుకోలేదని తెలిసిపోయేది.

అది ఏమిటో నాకు తెలుసు. నేను నర్సుని. బతుకు మీద విసిగి ప్రాణం తీసుకోబోయినవాళ్ళని మా ఐసీయూకి తెస్తుంటారు. వాళ్ళ ఇంటివాళ్ళు నా ముందు నిలబడి, మొన్నటిదాకా బాగానే ఉన్నాడు సిస్టర్ అని ఏడుస్తారు. ముందు ఏమైనా అన్నాడా, తిండి మానేశాడా, నిద్ర పట్టేదా అని ఒక్కొక్కటే అడిగి రాసుకుంటాను. అవే ప్రశ్నలు మా ఇంట్లో అడగలేకపోయాను. అడిగితే, ఔనంటారేమోనని భయం.

పడవ సంగతి ఎత్తడానికి ముందు శుక్రవారం కార్నిష్‌కి వెళ్ళాం. సముద్రం పక్కన నడిచే దారి అది. ఒక ఫిలిప్పీన్స్ జంట నీళ్ళ అంచున కూర్చుని కాలితో పంపు తొక్కుతూ పడవకి గాలి కొడుతున్నారు. మా ఆయన ఆగారు. వాళ్ళ దగ్గరికెళ్ళి గొంతుక్కూర్చున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా పడవ అంచు నొక్కి చూశారు, తెడ్డు చేతిలోకి తీసుకుని బరువు చూశారు, వాళ్ళు నీళ్ళలోకి తోసేటప్పుడు పాంటు తడుపుకుని మరీ వెనక చెయ్యి వేశారు. ఆ తర్వాత మూడో రోజునే ఈ ఫోన్ బొమ్మ.

ఒంటరి మనిషి కూర్చునే పడవ, కనుచూపు మేర నీళ్ళు, ఈ మనసుతో ఈయన. నాకు ఆ మూడూ కలిపి చూడటం చేతకాలేదు. వద్దంటే మళ్ళీ సోఫా మూలకి వెళ్ళిపోతారు. అందుకని, రెండు సీట్లది కొందామండీ, నేనూ వస్తాను అన్నాను. ఆయన వింతగా చూశారు. రేవులో పంటు ఎక్కిన ప్రతిసారీ నేను బళ్ళ మధ్య కళ్ళు మూసుకుని నిలబడేదాన్నని ఆయనకి తెలుసు.

"నీకు నీళ్ళంటే భయం కదే," అన్నారు.

"మీరుంటే భయమెందుకు," అన్నాను. అసలు కారణం చెప్పలేదు.

దమ్మామ్ పట్నంలో చేపల గాలాలు, టెంట్లు అమ్మే పెద్ద దుకాణం ఉంది. అక్కడ పనిచేసే ఆయనది హైదరాబాదు. మా మాటలు విని తెలుగులోకి దిగారు. గాలి నింపిన పడవలు నాలుగైదు నేల మీద పరిచి ఉన్నాయి. నేను ఆసుపత్రిలో మంచాన పడినవాళ్ళకి వేసే గాలి పరుపులు చూసినట్టు చూశాను. ఎన్ని గదులు, ఎక్కడ అతుకు, ఏ గది చిల్లు పడితే ఏమవుతుంది. ఒకటి మరీ పలచన, పిల్లలు ఈత కొలనులో ఆడుకునే రకం. ఇంకోదాని అడుగులో పై పొరకీ కింది పొరకీ మధ్య వేల దారాలు కట్టి ఉన్నాయట. గట్టిగా గాలి నింపితే చెక్క బల్లలా బిగుసుకుంటుంది. దానికి రెండు పక్కలా రెండు గదులు, అడుగున ఒకటి. ఒకటి పోయినా మిగతా రెండూ తేలుస్తాయన్నారు. నాకు ఆ మాట నచ్చింది.

మా ఆయన చూసేవి వేరు. మోకాలు వేసి అడుగు నొక్కారు. బోర్లించి, కింద రెక్క ఉందా అని వెతికారు. రెక్క లేకపోతే అది నీళ్ళ మీద గుండ్రంగా తిరుగుతుందే తప్ప ముందుకి పోదట. అతుకుల వెంట బొటనవేలు పోనిస్తూ చివరిదాకా వెళ్ళారు. చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో పాత సరంగు కనిపించాడు.

"అన్నా, ఒక్కడివే పోతవా, ఇద్దరు పోతరా?" అని దుకాణం ఆయన అడిగారు.

మా ఆయన నోరు తెరిచేలోగా నేను, ఇద్దరం అన్నాను.

"ఇద్దరైతే ఇది మంచిగుంటది. కానీ ఒక్కడివే పోయేదుంటె మాత్రం సింగిల్‌దే తీస్కో. రెండు సీట్లదాంట్ల ఎనక ఒక్కడు కూసుంటె ముందట లేస్తది. గాలికి దొరికిపోతది. అప్పుడు ముందట ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బన్నా పెట్టాలె."

ఇంకా ఏవో చెప్పారు. ఎండలో గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి పూర్తిగా నింపి వదిలేస్తే అతుకులు పగులుతాయట. ఉప్పు నీళ్ళు కడిగి ఆరబెట్టకుండా మడిస్తే బూజు పడుతుందట. నేను అన్నిటికీ తల ఊపి, రెండు సీట్లదీ, రెండు లైఫ్ జాకెట్లూ తీసుకున్నాను. బూడిద రంగూ పసుపూ కలిసిన పడవ. దాని సంచికి చక్రాలున్నాయి. మా ఇంటి నుంచి కార్నిష్ నడిచి పావుగంట.

మొదటి నెల బాగానే గడిచింది. నాకు సెలవు ఉన్న పొద్దుటి పూటలు వెళ్ళేవాళ్ళం. నేను ముందు సీట్లో రెండు చేతులా అంచులు పట్టుకుని బిగుసుకుపోయి కూర్చునేదాన్ని. ఆయన వెనక నుంచి తెడ్డు వేసేవారు. కర్ర పడవ మాట వింటుంది, ఈ గాలి తిత్తి ఎవరి మాటా వినదు అని గొణిగేవారు. అయినా ఒడ్డు వెంట కిలోమీటరు పోయి వచ్చేవాళ్ళం. ఇంటికొచ్చాక ఆయన ఆకలిగా తినేవారు. నేను గెలిచాననుకున్నాను.

తర్వాత మా వార్డులో ఇద్దరు నర్సులు సెలవు మీద వెళ్ళారు. వరసగా నైట్ డ్యూటీలు పడ్డాయి. పొద్దున వచ్చి పడిపోవడమే సరిపోయేది. పడవ సంచి గుమ్మం పక్కన ఉండిపోయింది. ఆయన మళ్ళీ సోఫా మూలకి జరిగారు. నేను చూశాను. సెలవు దొరకనీ, మళ్ళీ తీసుకెళ్దాం అనుకుని పడుకున్నాను.

ఒకరోజు పొద్దున ఎనిమిదింటికి డ్యూటీ నుంచి వచ్చేసరికి గుమ్మం పక్కన సంచి లేదు. ఆయన లేరు. ఫోన్ బల్ల మీద ఉంది. బాల్కనీలోకి వెళ్ళి చూస్తే రెండు లైఫ్ జాకెట్లూ అక్కడే వేలాడుతున్నాయి.

కారు ఎలా నడిపానో గుర్తులేదు. కార్నిష్ మీద గాలి చాలా గట్టిగా ఉంది. సముద్రం వైపు నుంచి కాదు, వెనక ఎడారి వైపు నుంచి. ఇసుక నా వీపుకి కొడుతోంది. ఒడ్డు దగ్గర నీళ్ళు ప్రశాంతంగానే కనిపించాయి. దూరంగా మాత్రం తెల్లటి నురగ అవతలికి పరుగెడుతోంది. పడవ సంచి గట్టు కింద ఖాళీగా ఉంది, ఎగిరిపోకుండా దాని మీద రాయి పెట్టి ఉంది. సముద్రం మీద ఏమీ లేదు.

సరిహద్దు గస్తీ వాళ్ళ జీపు అటే వస్తుంటే అడ్డం నిలబడ్డాను. నాకొచ్చిన కాస్త అరబ్బీలో, జౌజీ, ఫిల్ బహర్ అన్నాను. నా భర్త, సముద్రంలో. వాళ్ళలో ఒక కుర్ర అధికారికి ఇంగ్లీషు వచ్చు. పడవ ఎలా ఉంటుందని అడిగాడు. పొడవు, రంగు, గదులెన్ని, సీట్లెన్ని, అన్నీ తడుముకోకుండా చెప్పాను. మనిషి ఏం బట్టలు వేసుకున్నాడని అడిగాడు. అది చెప్పలేకపోయాను. ముందు రోజు సాయంత్రం ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఆయన వైపు సరిగా చూడనైనా లేదు.

రెండు సీట్లు కదా, ఇద్దరున్నారా అని మళ్ళీ అడిగాడు. ఒక్కరే అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వస్తుంటే దుకాణం ఆయన చెప్పిందంతా చెవిలో పడింది. ముందట లేస్తది, గాలికి దొరికిపోతది. ఆయన ప్రాణం కాపాడాలని నేను పట్టుబట్టి కొన్న రెండో సీటే ఆయన్ని అవతలికి లాక్కుపోతోంది.

వాళ్ళు నన్ను జీపులో కూర్చోబెట్టి నీళ్ళ సీసా ఇచ్చారు. రెండు గంటలకి వైర్‌లెస్‌లో ఏదో వినిపించింది. ఆ అధికారి నా వైపు తిరిగి, దొరికాడు, బతికే ఉన్నాడు అన్నాడు. అప్పుడు ఏడ్చాను.

ఓడల దారి చూపించడానికి సముద్రంలో గొలుసుతో కట్టి ఉంచే ఎర్రటి ఇనప బోయా ఒకటి ఉంటుంది. మా ఆయన దానికి పడవ కట్టేసుకుని కూర్చున్నారట. తాడు లేదు. చొక్కా విప్పి, దాని చేతుల్లో ఒకటి బోయా నిచ్చెనకీ ఇంకోటి పడవ పట్టీకీ ముడి వేశారు. గస్తీ పడవ ఒడ్డుకి తెచ్చినప్పుడు ఒంటి మీద చొక్కా లేదు, భుజాలు కమిలిపోయి ఉన్నాయి, అరచేతులు బొబ్బలెక్కాయి. నన్ను చూసి తల దించుకున్నారు. అనుమతి లేకుండా మళ్ళీ వెళ్ళనని ఆఫీసులో రాయించుకుని, వేలిముద్ర తీసుకుని పంపేశారు. వాళ్ళు ఒక్క కఠినమైన మాట కూడా అనలేదు.

ఇంట్లో ఆయన చేతులకి మందు రాసి కట్టు కట్టాను. కట్టు అయిపోయాక కూడా చెయ్యి వదల్లేదు. ఫోన్ ఎందుకు వదిలేసి వెళ్ళారని అడిగాను. తడుత్తాదని, అన్నారు. ముందు నీళ్ళ డబ్బా ఎందుకు పెట్టలేదని అడిగాను. బరువు సరిచూసుకోకుండా ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా పంటు కదిలించని మనిషి.

ఐసీయూలో అడిగే ప్రశ్న అప్పుడు అడిగాను. "చచ్చిపోదామనుకున్నారా?"

"అలాగని ఎల్లలేదు. తిరిగొద్దామని కూడా అనుకోలేదు. ఊరికే ఎల్లాను. ఎటు పోతే అటు పోనీ అనుకున్నాను."

"మరి బోయాకి ఎందుకు కట్టుకున్నారు?"

"ముందు లేచిపోయి గిర్రున తిరిగేసిందే అది. తెడ్డు ఎటేసినా లోపలికే లాగేత్తంది. నాకు కోపమొచ్చింది. ఇంతకాలం గోదారి వరదలో పంటు నడిపినోణ్ణి, ఈ గాలి తిత్తి నన్ను ఎత్తుకుపోద్దా అనిపించింది. చేతులు పడిపోయేదాకా ఏశాను. అప్పుడు బోయా కనపడింది."

నేనూ చెప్పేశాను. ఎందుకు రెండు సీట్లది కొన్నానో, ఆయన్ని ఒంటరిగా నీళ్ళ మీదకి పంపడానికి ఎంత భయపడ్డానో. ఆయన నొచ్చుకుంటారని తెలుసు. నొచ్చుకున్నారు. గోడ వైపు తిరిగారు. అటువైపు నుంచే అన్నారు. "ఆ ముక్క అప్పుడే నాతో చెప్పుంటే సరిపోయేది కదే. నాకేమో నా మీద నీకు జాలేసి కొన్నావనిపించింది."

ఆ రోజు ఇద్దరం అన్నం తినలేదు.

మా ఆసుపత్రిలోనే మానసిక వైద్యుడున్నాడు. ఆయన దగ్గరికి రావడానికి మా ఆయన మూడు వారాలు ఒప్పుకోలేదు. పిచ్చోడినని రాసేత్తారు, నీ ఉద్యోగానికి చేటు అన్నారు. నేను వాదించలేదు. నైట్ డ్యూటీలు మార్పించుకున్నాను, కారణం మా ఇన్‌చార్జికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక పొద్దున ఆయనే గడ్డం గీసుకుని, పద అన్నారు. మాత్రలు మొదలయ్యాయి. మొదట్లో వాటితో నోరు ఎండిపోయి, మధ్యాహ్నాలు కూడా నిద్ర పట్టేది. రెండు నెలలకి కాస్త తెరిపినిచ్చింది.

పడవని ఏం చేయాలో తేలలేదు. అమ్మేద్దామని నేను, ఉండనీ అని ఆయన. అది ఇప్పుడు మంచం కింద ఉంది. ఒంటి సీటుది కొని ఉంటే ఆయన కోపం తెచ్చుకోవలసిన అవసరమే రాకపోయేదేమో, ఎటో సాఫీగా పోయి ఉండేవారేమో. లేదా మామూలుగా తిరిగొచ్చి టీ పెట్టుకుని తాగేవారేమో. రెండూ ఆలోచిస్తాను. తెగదు.

నా కాంట్రాక్టు ఇంకా ఏడాదిన్నర ఉంది. ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని ఇద్దరం శాశ్వతంగా ఊరికి వెళ్ళిపోవాలా, ఆయన ముందు వెళ్ళాలా అన్నది ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నాం. రోజూ డ్యూటీ నుంచి రాగానే ఒక పని మాత్రం చేస్తాం. మనసు ఎంత బరువుగా ఉందో పదికి ఎంతో ఆయన చెప్పాలి. తర్వాత నా అంకె నేను చెప్పాలి. అబద్ధం చెప్పకూడదు. నిన్న ఆయన ఆరు అన్నారు. ఎందుకని అడిగాను. చెప్పడం మొదలుపెట్టారు. చెప్పులు కూడా విప్పకుండా పక్కన కూర్చుని విన్నాను.