మీట లేని యంత్రం

సముద్రపు అలలతో కరెంటు తీయొచ్చని బాపుకు చెప్పింది నేనే. టీచర్లకు ఓ జబ్బు ఉంటుంది, బడిలో చెప్పిన పాఠం ఇంట్లో కూడా చెబితే గాని అన్నం సహించదు. బోథ్‌లో తొమ్మిదో తరగతికి ఆ పాఠం చెప్పి, వేసవి సెలవులకు మా ఊరు హుస్నాబాద్ వచ్చి, ఫోన్‌లో వీడియో చూపించాను. సముద్రంలో పెద్ద డబ్బా ఒకటి అలలకు లేస్తూ పడుతూ ఉంటుంది, ఆ ఊపుకు జనరేటర్ తిరుగుతుంది.

బాపు మరమగ్గాలు నడిపి, బాగుచేసి బతికినవాడు. వీడియో రెండుసార్లు చూశాడు.

“మగ్గంల చక్రం తిరిగితే నూలు మోసుకుంట నాడె అటిటు ఉరుకుతది. నీళ్లే అటిటు ఊగుతాంటె చక్రం తిరగదా బిడ్డా?” అన్నాడు.

నాకు గర్వంగా అనిపించింది. ఆ గర్వం ఇప్పుడు గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం.

ఊరవతల కొత్త రిజర్వాయర్ ఉంది. గాలి లేస్తే అవతలి ఒడ్డు నుంచి అలలు వచ్చి రాతికట్టను కొడతాయి. కట్ట లోపలివైపు, నీళ్ల అంచున బాపు ఇనుప చట్రం పాతి, పొడవాటి రాడ్డు చివర నీలం డ్రమ్ము కట్టాడు. డ్రమ్ము లేచినప్పుడల్లా సైకిల్ గొలుసు పళ్లచక్రాన్ని తిప్పుతుంది. దానికో డైనమో, చిన్న బల్బు. సముద్రం లేని జిల్లాలో అలల కరెంటా అని వీధి వీధంతా ఆటపట్టించింది. ఇది కొరివితో తల గోక్కోవడమే అని అవ్వ సణిగింది.

బల్బు నిజంగానే వెలిగింది. నాకు మాత్రం అది వెలిగిన ప్రతిసారీ దాన్ని ఆపే మీట ఎక్కడని కళ్లు వెతికేవి. మగ్గం ఎంత మోత చేసినా పక్కన మీట ఉంటుంది. పోగు తెగితే మీట లాగి, మగ్గం ఆగాకే బాపు చేయి పెడతాడు. దీన్నెట్లా ఆపుతావని అడిగితే, గాలి పడిపోతే అదే ఆగుతుందన్నాడు. గాలి పడిపోయాక కూడా అది చాలాసేపు కిర్రుకిర్రుమంటూనే ఉండేది.

ఆషాఢంలో ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను ఊరికొచ్చిన రోజే, గొలుసు జారింది. గాలి లేదు. డ్రమ్ము కదలడం లేదు. బాపు చట్రం దగ్గర వంగాడు. అలవాటుగా ఎడమచేయి పక్కకు, మీట ఉండాల్సిన చోటికి పోయింది. అక్కడేమీ లేదు. తనలో తానే నవ్వుకుని కుడిచేయి లోపల పెట్టాడు. నేను కట్టమీద నిలబడి నీళ్లు చూస్తున్నాను. దూరం నుంచి ఒక నల్లటి గీత ఇటే వస్తోంది. మబ్బు నీడ అనుకుని ఊరుకున్నాను.

అది నీడ కాదు, అవతలి ఒడ్డున లేచిన గాలి తోసిన అల. డ్రమ్ము లేచింది. గొలుసు సరిగ్గా పళ్ల మీదికెక్కింది, బాపు వేళ్లను కూడా లాక్కుని. బల్బు వెలిగింది.

కరీంనగర్ ఆసుపత్రిలో మూడు వేళ్లు తీసేశారు. తెగిన పోగును రెప్పపాటులో ముడేసే వేళ్లవి. బాపు మళ్లీ మగ్గం ముందు నిలబడలేదు. అలలకు అలుపుండదని తరగతిలో ఎంత సంబరంగా చెప్పానో, పిల్లలతో చప్పట్లు కూడా కొట్టించాను.

యంత్రం ఇంకా అక్కడే ఉంది. దాన్ని పీకేయడానికి నాకు ధైర్యం చాలలేదు, ఇంకెవరూ దగ్గరికి పోవడం లేదు. గాలి లేస్తే బల్బు వెలుగుతోందని కట్టమీంచి వచ్చేవాళ్లు చెబుతారు. నేను ఇంటికి వచ్చిన రోజుల్లో గాలి మొదలైతే బాపు ఆ చేయి ఒళ్లో పెట్టుకుని వాకిట్లో కూర్చుంటాడు.

“బంద్ చేసొచ్చినవా బిడ్డా?”

“చేసిన బాపూ” అంటాను.

నమ్మినట్టు తలూపి, మళ్లీ చెవి ఒగ్గి వింటాడు.