చామాకు కాని ఆకు

సింగపూర్‌లో, టాంపినీస్‌లో మా బ్లాకు వెనక నివాసులు కలిసి పెంచుకునే తోట ఒకటుంది. అక్కడ నెలనెలా మూడో ఆదివారం తెలుగు పిల్లలకు ఏదో ఒకటి నేర్పుతారు. మార్చిలో వంతు మా పై అంతస్తు పెద్దమనిషిది. బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. నాకంటే పదకొండేళ్లే చిన్న, అయినా నన్ను ఆంటీ అంటాడు. వ్యవసాయం పుట్టకముందు మనుషులు అడవిలో ఏరుకుని తిన్న తిండి వండి పిల్లలకు రుచి చూపిస్తానని గ్రూపులో మెసేజి పెట్టాడు.

నేను తొమ్మిది నలభైకి వెళ్లాను. పిల్లలు పదకొండు మంది, అందులో మా మనవరాలొకతె. స్టవ్ మీద గిన్నె అప్పటికే ఉడుకుతోంది.

"ఆదిమానవులకు ఏ చింతా లేదు. ఆకలేస్తే చెయ్యి చాపడం, తెంపడం, తినడం. పక్షులు తినేది మనమూ తినొచ్చు," అని పాఠం చెబుతున్నాడు.

ఒళ్లు మండింది. మా అమ్మ కొండ అంచు ఊళ్లో పుట్టిన మనిషి. వానలు లేని ఏడాది ఆడవాళ్లంతా గునపాలు పట్టుకుని అడవి దుంపలకు వెళ్లేవారు. విషం ఉన్న దుంపను పలచగా తరిగి, గంపలో వేసి, పారే వాగులో మూడు రాత్రులు ఉంచేవారు. తర్వాత ఉడకబెట్టి నీళ్లు పారబోసేవారు, మళ్లీ ఉడకబెట్టేవారు. నేను లెక్కపెట్టాను, ఏడుసార్లు. కొత్త చోట తవ్విన దుంపైతే అప్పటికీ నమ్మేవారు కాదు. అమ్మ ముందు మోచేతి మడతలో రుద్దుకునేది. ఒక పూట గడిచాక పెదవికి రాసుకునేది. మర్నాడు నాలుక కొన మీద పెట్టుకునేది. పిల్లలకు పెట్టేది మూడోనాడు. నాగలి ఎరగని కాలపు తల్లులు ఇంతకంటే తేలిగ్గా తిని, పిల్లలకు పెట్టి ఉంటే, ఈ పాఠం చెప్పడానికి ఈయన పుట్టి ఉండేవాడు కాదు.

గిన్నె పక్కన తరగని ఆకులు రెండు మిగిలి ఉన్నాయి. కంచె అవతల, కాలువ వైపు వాటంతటవే మొలిచినవి. తీసి చూశాను. చామాకుకి కాడ అంచున కాక కొంచెం లోపలికి అతుక్కుంటుంది. వీటికి సరిగ్గా చీలిక మొదట్లో అతికి ఉంది.

"ఇది చామాకు కాదు," అన్నాను.

"మన చామాకేనండీ ఆంటీ. మా ఆవిడ నెలకోసారి పులుసు పెడుతుంది."

"మీ ఆవిడ బజార్లో కొని పెడుతుంది. ఇందులో చింతపండు వేశారా?"

"ఆదిమానవులకు చింతపండెక్కడిదండీ?"

"చింతపండు లేకపోయినా బుర్ర ఉండేది."

ఇద్దరు ముగ్గురు తల్లులు నవ్వారు. ఆయన మొహం మాడిపోయింది. "కందకి లేని దురద కత్తిపీటకెందుకు ఆంటీ? తినే పిల్లలకి లేని బాధ మీకెందుకు?"

"పెదవికి రాసుకుని రేపటిదాకా ఆగండి. ఏమీ కాకపోతే అప్పుడు పెట్టండి."

"రేపు స్కూలుంది కదా ఆంటీ," అందొకావిడ, అదే అడ్డంకి అన్నట్టు.

ఆయన కాగితం కప్పుల్లో పోయడం మొదలుపెట్టాడు. మొదటి కప్పు నేనే లాక్కుని ఒక చెంచాడు నోట్లో పోసుకున్నాను. అప్పుడు పది దాటి ఏడు నిమిషాలు.

"చూశారా! తిట్టిన ఆంటీయే తాగేశారు," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను మింగకుండా మనసులో అంకెలు లెక్కపెడుతున్నాను. తొంభై దాటేసరికి నాలుక నిండా సూదులు దిగాయి. ఉమ్మేశాను. వద్దు అనబోతే నాలుక తిరగలేదు. గొంతులోంచి ఒట్టి మూలుగు వచ్చింది. అప్పటికే ముగ్గురు పిల్లల చేతుల్లో కప్పులున్నాయి. మా మనవరాలి కప్పు పెదవి దగ్గరుంది. ఆ చేతి మీద కొట్టాను. తక్కిన రెండు కప్పులూ లాగి పారేశాను. కొంగుతో గిన్నె పట్టుకుని ఉన్నదంతా మురుగు కాలువలో వంపేశాను.

నా నాలుక ఎవరూ చూడలేదు. గిన్నె వంపడం మాత్రం అందరూ చూశారు.

"ఓర్వలేనితనం. పెద్దావిడ, ఏమంటాం," అన్నాడాయన, అందరికీ వినపడేలా.

ఇంటికొచ్చాక కోడలు మొదలుపెట్టింది. "పదిమందిలో మా పరువు తీశారు అత్తయ్యా. సాయంత్రం లోపల ఆయనకి సారీ చెప్పండి." నేను నోట్లో ఐసు ముక్క పెట్టుకుని కూర్చున్నాను. ఊపిరి బాగానే ఆడుతోంది కాబట్టి క్లినిక్కుకి వెళ్లలేదు. కోడలు అది అలక అనుకుంది.

ఆరున్నరకి మాట వచ్చింది. కోడలితో అన్న మొదటి మాట: "చెప్పను."

"నానమ్మా, యూ సో మీన్ లా. అందరూ నన్నే చూశారు," అని మనవరాలు ఏడ్చింది. నోరు తెరిచి వాచిన నాలుక చూపించాను. ఫోను లైటు వేసి చూసింది.

"వై సో ఫ్యాట్ వన్?" అంది. లైటు ఆర్పి, "నేను తాగుంటే?" అని అడిగింది.

"నీ గొంతు నా గొంతులో సగం ఉంటుంది. లెక్క నువ్వే వేసుకో," అన్నాను.

ఆ రాత్రి మనవరాలు మాత్రం, తల్లిలా నన్ను సారీ చెప్పమని అడగలేదు.

ఏప్రిల్ పాఠానికి పెద్దవాళ్లు రావద్దని ఆయన గ్రూపులో రాశాడు. నేను అరగంట ముందే వెళ్లి, ముందు బెంచీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఇక్కడివాళ్లు అన్నట్టు చోటు 'చోప్' చేసుకున్నాను. నన్ను చూసి ఆయన మొహం తిప్పుకున్నాడు. సంచిలోంచి సూపర్‌మార్కెట్ పాలకూర పొట్లం తీసి, అడవిలో దొరికే ఆకు ఇలాంటిదే అని పిల్లలకు చెప్పాడు. అదీ అబద్ధమే. ఈసారి నోరెత్తలేదు. లేచి వెళ్లి, పొట్లం తిప్పి తేదీ చూశాను. ఇంకా రెండు రోజుల గడువుంది. మళ్లీ వచ్చి కూర్చున్నాను.