చొక్కా మడతలో పాదాల కాగితం

మా వీధి మలుపులో, మెట్ల కింద ఇస్త్రీ బల్ల వేసుకున్న అతన్ని అందరూ ఉక్కుకాళ్లు అనేవారు. బొగ్గుల పెట్టెలోంచి నిప్పు కణిక జారి పాదం మీద పడినా ఉలిక్కిపడేవాడు కాదు. మాట ఆపకుండా రెండో కాలితో దాన్ని పక్కకు నెట్టేసి, చొక్కా చేతులు మడిచేవాడు.

"కాలలేదుటయ్యా?" అని ఓసారి అడిగాను.

"ముప్పై ఏళ్లుగా నిప్పు పక్కన నిలబడ్డ కాళ్లక్కా ఇవి. అలవాటైపోయింది. బావగారికి నీ తిట్లు అలవాటు కాలేదూ?"

బట్టల కోసం వచ్చినవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఎవరింట్లో ఏ కూర వండారో కూడా వదలకుండా అడిగేదాన్ని, ఆ కాలు సంగతి మాత్రం రెండో మాట అడగలేదు.

అతనికి షుగర్ ఉందని అందరికీ తెలుసు. నీరసంగా ఉంటే మాత్ర వేసుకునేవాడు, ఒంట్లో బాగుంటే మానేసేవాడు. ఆరోగ్య కేంద్రం నుంచి నర్సమ్మ వచ్చి షుగర్ జాగ్రత్తలు అచ్చేసిన కాగితాల కట్ట అతని చేతిలో పెట్టేది. "నువ్వు చదివి, పదిమందికీ పంచు" అని చెప్పి వెళ్లిపోయేది. ఇంకా నాలుగు వీధులు తిరగాలి పాపం, నిలబడి చెప్పే తీరిక లేదు. ఇతనికి చదువు రాదు. ఆ మాట ఆవిడతో అనడానికి నామోషీ. "అలాగేనమ్మా" అని తీసుకుని, వాటిని ఇస్త్రీ చొక్కాల మడతల్లో పెట్టేవాడు. మందపాటి కాగితం కదా, చొక్కా నలగకుండా బిర్రుగా ఉండేది. అలా అతనికని వచ్చిన మాటలన్నీ మా బీరువాల్లోకి చేరాయి.

ఒక ఉదయం మా ఆయన చొక్కా విప్పుతుంటే ఆ కాగితం జారిపడింది. నాది ఐదో తరగతి చదువు. కూడబలుక్కుంటూ చదివాను. షుగర్ ఉన్నవారి పాదానికి మంట, నొప్పి తెలియడం లేదంటే జబ్బు ముదిరినట్టని, పాదాలు రోజూ చూసుకోవాలని రాసి ఉంది. పొయ్యి ఆపేసి మలుపు దగ్గరికి పరుగెత్తాను.

"ఏదీ, కాలు చూపించు."

"పెళ్లిచూపులకొచ్చావా ఏంటక్కా?" అంటూనే కాలెత్తాడు.

బొటనవేలి కింద నల్లటి పుండు. దాని మధ్యలో గుండుసూది, తలదాకా దిగిపోయి ఉంది. ఎప్పుడు గుచ్చుకుందో అతనికి తెలియదు. అన్నాళ్లుగా ఆ బల్ల దగ్గర వచ్చే వాసన తడిబట్టలదని మేమంతా అనుకున్నాం.

ఆసుపత్రిలో ఆ కాలు మోకాలి కిందదాకా తీసేశారు. "పాదాల గురించి మీకు కాగితాలు ఇచ్చారట కదా, చదవలేదా?" అని డాక్టరు అడిగాడు.

"చదివానండీ" అన్నాడు.

అతని భార్య గోడ వైపు తిరిగింది.

ఇప్పుడు ఇస్త్రీ బల్ల దగ్గర ఆమె నిలబడుతోంది. చెయ్యి కాలినప్పుడల్లా "స్స్" అంటుంది. పక్కన స్టూలు మీద కూర్చున్న అతను, "తెలుస్తోంది కదే, అదృష్టవంతురాలివి" అంటాడు. మొదటిసారి ఆమె ఏడ్చింది. తర్వాత వినడం మానేసింది.

మిగిలిన కాలిని రోజూ చూసే పని నేను పెట్టుకున్నాను. వేలు నొక్కి, "తెలుస్తోందా?" అంటాను. "ఆఁ, తెలుస్తోందక్కా" అంటాడు. పదిరోజులు అలాగే గడిచాయి. నిన్న ఎందుకో అనుమానం వచ్చింది, నా చేతినే చూస్తూ చెబుతున్నాడని.

"కళ్లు మూసుకో" అన్నాను.

మూసుకున్నాడు. బొటనవేలిని గట్టిగా, నా గోరు దిగేలా నొక్కాను. అతని ముఖంలో ఏ మార్పూ లేదు. కళ్లు తెరవకుండానే, "ఊఁ, నొక్కు మరి" అన్నాడు.

నేను ఇంకా నొక్కుతూనే ఉన్నాను.