మట్టిబెడ్డ పిలుపు

మా చీనీ తోటలో గడ్డి కోసే పెట్రోలు మిషన్ రొదకు ఎంత అరిచినా మా ఆయనకు వినపడేది కాదు. అన్నానికి పిలవాలంటే ఆయన కాళ్ల దగ్గర మట్టిబెడ్డ విసిరేదాన్ని. విసురుతూ నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని కూడా. ఆ రొదలో ఎవరు విన్నారు గనక!

మొన్న బ్యాటరీ మిషన్ తెచ్చాడు. పొగ లేదు, తాడు లాగి లాగి భుజం పట్టేయడం లేదు. నేను మాత్రం అలవాటు కొద్దీ బెడ్డ విసిరి, "ఈ ముసలోనికి ఆకలి కూడా కాదు" అన్నాను.

ఆయన వెనక్కి తిరక్కుండానే, "ఆకలైతాండాది. ఇన్నేండ్లూ ఇట్లనే తిడతాంటివా?" అన్నాడు.

"ఇంతకంటే బాగా తిడతాంటి."

ఆయన నవ్వాడు. నాకు పెద్ద బరువు దిగినట్టయింది. చేతిలోని రెండో బెడ్డ పారేసి, "దా, సంగటి ఆరిపోతాండాది" అని మామూలు గొంతుతో పిలిచాను. మొదటి పిలుపుకే వచ్చాడు.