వెలుగుతుంది కాకా

దసరా దగ్గరపడిందంటే మా గచ్చిబౌలి అపార్టుమెంటులో ఎవరో ఒకరు కిటికీ చువ్వలకో మెట్ల పిట్టగోడకో పెయింటు వేయిస్తారు. టర్పెంటైన్ కలిసిన ఆ వాసన లిఫ్టు గుండా పైకి వచ్చిందంటే ఆ పూట నా పని ఇక సాగదు. ఆఫీసు మీటింగులో ఉన్నా సరే, లేచి వెళ్లి బాల్కనీ తలుపు మూసుకుంటాను. ఆ వాసన నాకు పడదని ఇంట్లో చెప్పి ఉంచాను, వాళ్లూ నమ్మారు.

తొంభైల చివర్లో మేము శేరిలింగంపల్లిలో ఉండేవాళ్లం. నాన్న, నాన్న తమ్ముడు, ఇద్దరి కాపురాలూ, వాళ్లమ్మ మా అవ్వా, అందరం ఒకే ఇంట్లో. నాన్న తమ్ముణ్ని నేను కాకా అని పిలిచేదాన్ని. కాకకూ చిన్నమ్మకూ పిల్లలు లేరు కాబట్టి, నేను ఎవరి బిడ్డనో ఊళ్లో సగం మందికి తెలిసేది కాదు, కొన్నాళ్లు నాకూ అనుమానంగానే ఉండేది. కాకకు ఎన్ని చేతులు మారి వచ్చిందో తెలియని ఒక పాత పికప్ బండి ఉండేది. లింగంపల్లి నుంచి మాదాపూర్ వైపు, అప్పుడప్పుడే లేస్తున్న అద్దాల మేడలకు ఇటుకలూ ఇసుకా తోలేవాడు. మధ్యాహ్నాలు బండలు పేల్చేవాళ్లు, మా వంటింట్లో గూట్లో గిన్నెలు గలగలమనేవి, అవ్వ ప్రతిసారీ కొత్తగా ఉలిక్కిపడి కంట్రాక్టర్ల వంశాన్నంతా తిట్టేది. సాయంత్రం కాక వచ్చేసరికి సీటు వెనక గోనెసంచిలో ఆ గుట్టల మీద కోసిన సీతాఫలాలు ఉండేవి. వాటిని బియ్యం డబ్బాలో మగ్గబెట్టి, పొద్దున్నే లేచి ఏది కన్ను విప్పిందో వేలితో నొక్కి చూసుకోవడమే నాకు ఆ కాలంలో పెద్ద ఉద్యోగం.

ఆ బండికి ఇండికేటర్లు ఎప్పుడూ సరిగా ఉండేవి కావు. కుడికి తిరగాలంటే కాక మోచేతిదాకా మడిచిన చొక్కా చేతితో సహా చెయ్యంతా బయటికి చాపేవాడు. ఎడమకైతే, పక్కన కూర్చున్న నేను తలుపు మీద రెండుసార్లు దబదబా కొట్టాలి. సెలవు రోజుల్లో అలా కొట్టడానికే బండెక్కేదాన్ని. కాక చెయ్యి చాపితే వెనక బస్సయినా ఆగాల్సిందేనని నాకు గట్టి నమ్మకం.

దసరాకు బండికి పూజ చెయ్యాలి, పూజకు ముందు రంగు వెయ్యాలి. ఆ ఏడు కాక మరీ ముచ్చటపడి వెనక బ్రేకు, ఇండికేటర్ దీపాలుండే బుడ్లు రెండూ ఊడదీసి, వాటి కింది రేకుక్కూడా ఆకుపచ్చ రంగు రెండు పూతలు పూసి, ఆరాక కొత్త బుడ్లు బిగించాడు. "ఇగ చెయ్యి బయట పెట్టే పనే లేదు" అని చిన్నమ్మ దగ్గర గొప్పలు పోయాడు. తీరా స్విచ్చి వేస్తే ముందు దీపం టకటకా కొట్టుకుంటుంది, వెనకది ఉలకదు పలకదు. బ్రేకు తొక్కితే మాత్రం ఎందుకో ఇండికేటర్ కొంచెం మిణుకుమంటుంది. కాక పరేషాన్ అయిపోయాడు. బల్బులు మార్చాడు, ఫ్యూజు మార్చాడు, రెండు వైర్లకు కట్టిన చిన్న బల్బుతో కరెంటు ఎక్కడిదాకా వస్తోందో అంగుళం అంగుళం చూసుకున్నాడు. బుడ్డిదాకా వస్తోంది. వచ్చి, వెలగదు. చివరికి డాష్‌బోర్డు కింద టిక్కుటిక్కుమంటూ ఇండికేటర్‌ను ఆర్పి వెలిగించే ఫ్లాషర్ డబ్బా కొత్తది తెచ్చి పెట్టాడు.

వెనక నిలబడి చూసి చెప్పే పని నాది. మూడు రోజులు అదే పని. "చెయ్యి అడ్డం పెట్టి చూడాలె బిడ్డా, లేకుంటే ఎండకు మోసపోతవ్" అని మొదటి రోజే నేర్పాడు. నేను అరచేతిని దీపానికి నీడగా పట్టి, "వెలుగుతలేదు కాకా!" అని అరిచేదాన్ని. ఎన్నిసార్లు అరిచానో, పక్కింటి వాళ్లు కూడా నాతోపాటు అరవడం మొదలుపెట్టారు.

సద్దుల బతుకమ్మ నాడు కొత్త ఫ్లాషర్ బిగించేసరికి పొద్దు వాలుతోంది. ఇంట్లోంచి పులిహోర తాలింపు, నువ్వుల సద్ది వాసన. తంగేడూ గునుగూ పేర్చిన బతుకమ్మను నెత్తిన పెట్టుకుని అమ్మ అప్పటికే గడప దాటింది, నా జోడు పిల్లలు వీధి మలుపులో నిలబడి నా పేరు పెట్టి పిలుస్తున్నారు. నాకు కొత్త పట్టు పరికిణీ. చేతికి గ్రీజు అంటుతుందని భయం. క్యాబిన్‌లో డబ్బా చక్కగా, నిదానంగా టిక్కుటిక్కుమంటోంది. పడమటి ఎండ సూటిగా బుడ్డి మీద పడి అది నిప్పులా మెరుస్తోంది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు.

"వెలుగుతుంది కాకా!"

"రెండు దిక్కులా?"

"ఆఁ, రెండు దిక్కులా!"

"నీ కండ్లు సల్లగుండ. పో బిడ్డా, ఆడుకో పో."

నేను ఎడమవైపు వెళ్లి చూడనైనా లేదు.

దసరా నాడు బండికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు. మర్నాడు ఇటుకల లోడుతో వెళ్లిన కాక కొత్తగూడ దగ్గర కుడికి తిరగబోయాడు. ఇండికేటర్ వేశాడు. చెయ్యి చాపలేదు. వెనక నుంచి దాటబోయిన లారీ, కాక కూర్చున్న వైపు తలుపును ఢీకొట్టింది. దవాఖానాలో కుడికాలు మోకాలి కింద తీసేశారు.

లైట్లే లేని బండి అని లారీవాళ్లు గొడవకొచ్చారు. మంచం మీద ఉన్న కాక, "లైట్లు మంచిగున్నయ్. మా బిడ్డ చూసింది. అది అబద్ధం ఆడదు" అన్నాడు. పెద్దవాళ్లంతా నా వైపు తిరిగారు. "వెలిగిందా బిడ్డా?" అని నాన్న అడిగాడు. నేను తలూపాను. ఇది మొదటిదాని కంటే పెద్ద తప్పు, ఎందుకంటే మొదటిసారి నాకు తెలియదు, ఈసారి అనుమానం ఉంది.

ఆ అనుమానం కూడా తీరిపోయింది. దవాఖానా ఖర్చులకు అమ్మిన బండిని కొన్నవాళ్ల మెకానిక్కు దాన్ని లాక్కెళ్లడానికి వచ్చిన రోజు అందరూ దవాఖానాలో ఉన్నారు, అవ్వ, నేనే ఇంట్లో. అతను వెనక బుడ్డి బోల్టు విప్పి, కింద ఉన్న ఆకుపచ్చ రంగును స్క్రూడ్రైవర్‌తో గీకి, మళ్లీ బిగించి, స్విచ్చి వేశాడు. బల్బు భగ్గున వెలిగింది. "కరెంటు వచ్చేదే చూసిండ్రు, బండి రేకులకెల్లి తిరిగి పోయే తొవ్వకు రంగేసిండ్రు" అని నవ్వాడు. నేను లోపలికి వెళ్లి సీతాఫలాల డబ్బా ముందు కూర్చున్నాను. వారం రోజులుగా ఎవరూ చూడక అవన్నీ కుళ్లిపోయి ఉన్నాయి.

కాక మళ్లీ బండి తోలలేదు. తాను ఇటుకలు తోలిన మేడల్లోనే ఒకదాని గేటు దగ్గర కుర్చీ వేసుకుని, చంకలో కర్ర పెట్టుకుని, ఇరవై ఏళ్లకు పైగా కాపలా కాశాడు. ఎవరు కాలి సంగతి అడిగినా అదే కథ. "లైటు వెలిగింది, మా బిడ్డ చూసింది. నేనే చెయ్యి సూపకపోతి." చెప్తూ తన కుడి చేతిని తిప్పి తిప్పి చూసుకునేవాడు. నేను అదే దారిలో ఉద్యోగానికి వెళ్తూ ఆయనకు టీ ఇచ్చేదాన్ని, మందులు ఇచ్చేదాన్ని. ఆ ఒక్క మాట తప్ప అన్నీ ఇచ్చాను.

ఇప్పుడు ఆ మలుపు మీద ఫ్లైఓవరు ఉంది. సీతాఫలాల గుట్టలు లేవు, కిటికీలోంచి చెయ్యి చాపే డ్రైవర్లు లేరు. మొన్న ఎండాకాలంలో కాక కూడా పోయాడు. పదకొండో రోజు భోజనాల దగ్గర ఎవరో మళ్లీ ఆ కథ ఎత్తారు. చిన్నమ్మ, "ఇగో, ఈ పిల్లనే చూసింది" అని నా భుజం మీద చెయ్యి వేసింది. నేను విస్తరి ముందు నుంచి లేవలేదు. అందరూ లేచాక, ఆమె ఒక్కదానికే చెప్పేశాను. ఎండను చూసి చెప్పాను చిన్నమ్మా, దీపాన్ని చూడలేదు.

చిన్నమ్మ చేతిలోని అన్నం గిన్నె కింద పెట్టింది. తర్వాత, "ఆయన ఉన్నప్పుడే చెప్పకపోతివి బిడ్డా" అంది. "సచ్చేదాకా ఆ చేతిని తిట్టుకుండు."

కోపంగా అనలేదు. అని, నా విస్తరిలో ఇంకొంచెం అన్నం వడ్డించింది.