చాచా మోసుకెళ్ళిన టికెట్

మొన్న శుక్రవారం మధ్యాహ్నం కడప నుంచి చాచా కొడుకు ఫోన్ చేశాడు. "మా నాయన పోయినాడన్నా. తెల్లారి నమాజుకు లేచినోడు అట్లే కూలబడినాడు" అన్నాడు. అందుకే ఇది రాస్తున్నాను.

సౌదీలోని హుఫూఫ్‌లో మా గదిలో ఐదుగురం ఉండేవాళ్ళం. అందరికన్నా పెద్దవాడు చాచా, వేరే కంపెనీలో డ్రైవరు. నెలకోసారి మా నివాస అనుమతి కార్డులు, ఇఖామాలన్నీ అడిగి తీసుకుని గడువులు చూసేవాడు. "మనిషి కంటే ముందు కాగితానికి జరమొస్తాది, చూసుకోండప్పా" అనేవాడు.

ఆ ఏడు, సౌదీవాళ్ళను తగినంతమందిని పెట్టుకోలేదని నితాఖాత్ లెక్కలో మా కంపెనీ ఎరుపులో పడింది. మా నలుగురి ఇఖామాలూ రెన్యువల్ కాలేదు. ఇఖామా గడువు దాటినందుకు పడిన జరిమానాలు కట్టుకుని వస్తే, మాలో ఒకడైన సత్తిబాబును ఇంకో కంపెనీ తీసుకుంటానంది. అంత డబ్బు అతని దగ్గర లేదు. కట్టకపోతే ఇంటికే.

అప్పుడే సెలవు నుంచి వచ్చిన మా మలయాళీ ఫోర్‌మన్‌తో కేరళ లాటరీ టికెట్ ఒకటి తెప్పించుకున్నాం. నలుగురం కలిసి కొన్నాం కాబట్టి వెనక నలుగురమూ సంతకాలు పెట్టాం. దానికి బహుమతి తగిలింది. సంగతి తెలిసి చాచా తల పట్టుకున్నాడు.

"ఈడ ఇది అమ్మినా నేరమే, కొన్నా నేరమే. మన ఆంధ్రాలోనే లాటరీ లేదు గదరా! పైగా నలుగురూ గీకినారా?"

"ఒక్కడే పెడితే ఆడే అట్టుకుపోడా చాచా?" అన్నాడు సత్తిబాబు.

"ఇప్పుడు ఎవుడూ ఎత్తకపోలేడు. సంతోషమేనా?"

ఫోర్‌మన్ కేరళకు ఫోన్ చేసి కనుక్కున్నాడు. అసలు టికెట్ గడువులోగా అక్కడి ఆఫీసులో ఇవ్వాలి. సంతకం చేసిన అందరూ వెళ్ళాలి, లేదా ఎంబసీ ముద్రతో ఒకరికి అధికారం రాసివ్వాలి. ఇఖామా లేని మేం దేశం దాటితే మళ్ళీ రాలేం. ఫోర్‌మన్ సెలవు అయిపోయింది.

మూడో రోజు చాచా, బక్రీదుకని దాచుకున్న సెలవును ముందుకు జరిపించుకుని వచ్చాడు.

"పండక్కి ఇంట్లో ఉండవా చాచా?" అన్నాను.

"జూదం హరాం. కాగితం చేరేసేది డ్రైవరు పని. పండగ మళ్ళా వస్తాది, ఈ సత్తిబాబు గడువు రాదు."

ఎంబసీ వాళ్ళు హుఫూఫ్ వచ్చిన రోజు మాచేత కాగితాలు రాయించి ముద్రలు వేయించాడు. కడపలో దిగి, ఇంట్లో ఒక్కరోజే ఉండి, కేరళ రైలెక్కాడు. అక్కడ "మీకేం సంబంధం?" అని అడిగారట. "ఏం లేదు సార్, గదిలోవాళ్ళు" అన్నాడట. మూడు రోజులు తిప్పించుకుని, గడువుకు రెండు రోజుల ముందు తీసుకున్నారు. పన్ను పోగా డబ్బు మా ఇళ్ళకు చేరింది. సత్తిబాబు జరిమానాలు కట్టి కొత్త కంపెనీలో చేరాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

చాచాకు రైలు ఛార్జీ ఇవ్వబోతే చేయి అడ్డం పెట్టాడు. బక్రీదు రోజు కూడా డ్యూటీ చేశాడు.

కొత్త ఇఖామా వచ్చిన శుక్రవారం సత్తిబాబు లాటరీ డబ్బుతో పెద్ద పళ్ళెం నిండా కబ్సా తెచ్చాడు, మాంసం వేసి వండిన అన్నం. చాచా మా మధ్యనే కూర్చున్నాడు. తాను కొన్న రొట్టె, పప్పు తన ముందు పెట్టుకున్నాడు. సత్తిబాబు వైపు అన్నం తగ్గినప్పుడల్లా, తాను ముట్టని మాంసాన్ని గరిటెతో అటు జరుపుతూ, "తినురా, తిను" అన్నాడు.